నిలబడితే పారే నది

వైర్లు మోసింది నేనే.
పదకొండు చుట్టలు, ఒక అద్దె జనరేటరు,
వంతెన స్తంభాలకి కట్టిన ఆరు ప్రొజెక్టర్లు.
ఫ్రేసియా శాంతియాగో నుంచి తెచ్చిన కెమెరాలు
చీకట్లో కూడా మనిషి వేడిని పట్టుకుంటాయట.
"ఇంతకీ ఏం చేస్తుందిది?" అన్నాను.
"వెళ్లి నిలబడు" అంది.

నిలబడ్డాను.
పద్నాలుగేళ్లుగా దుమ్ము తప్ప ఏమీ పారని ఏటి మధ్యలో
నా చెప్పుల చుట్టూ చాపంత నీలం.
కదిలింది. అంచుల్లో నురగ కూడా కట్టింది.
పక్కకి జరిగితే నాతో జరిగింది.
బయటికి నడిస్తే
రాళ్లు మళ్లీ రాళ్లయ్యాయి.

నవ్వొచ్చింది నాకు, దాచను.
నోరు తడపని నది ఏం నది?
పైన కొండ నిండా కంపెనీ అవకాడో తోటలు,
రాత్రంతా గొట్టాలు చప్పరించే చప్పుడు.
మాకు మంగళవారం ట్యాంకరు.
పిల్లల స్నానం నీళ్లతోనే గచ్చు,
గచ్చు కడిగిన నీళ్లతోనే నిమ్మమొక్క.

ఏటి మీద హక్కుకి మా తాతలు
ఎప్పుడో నీళ్లొదిలేశారు, సంతకాలు పెట్టి.
వదలడానికైనా అప్పుడు నీళ్లుండేవి.

మొదటి రాత్రి తొమ్మిది మంది.
తొమ్మిది మడుగులు, ఒకదాన్నొకటి ఎరగనట్టు.
ఫ్రేసియా గట్టు మీద కూర్చుని ఏమీ చెప్పలేదు.
రోసమెల్ కూతురే కనిపెట్టింది, ఏడేళ్ల పిల్ల.
చెయ్యి చాపి హోర్తెన్సియా వేలు అందుకుంది,
రెండు మడుగుల మధ్య
సన్నగా ఒక పాయ పాకింది.
హోర్తెన్సియాకీ ఆ పిల్ల తండ్రికీ
కంచె దగ్గర మొదలైన తగువు, ఆరేళ్లుగా మాటల్లేవు.
ఆవిడ వేలు వెనక్కి తీసుకోలేదు,
పాయ తెగిపోతుందని.

పై వంతెన నుంచి కింది వంతెన దాకా
పారాలంటే ఎంతమంది కావాలి?
"నాకూ తెలియదు" అంది ఫ్రేసియా.
అబద్ధమనుకుంటాను.

శనివారం ఎగువ నుంచి మేకల వాళ్లొచ్చారు.
కంపెనీ ప్యాకింగ్ షెడ్డు ఆడవాళ్లు
ముఖాలకి గుడ్డలు చుట్టుకుని వచ్చారు.
దీనికి ముఖాలక్కర్లేదు, ఒంటి వేడి చాలు
అని చెప్పాక ఒక్కొక్కరే విప్పారు.
ముసలి క్లొదొమీరోని కుర్చీతో సహా దించాం.
చివరికి ఒక్క ఖాళీ. మూడడుగులు. కింది వంతెన ముందు.
అందరి కళ్లూ నా మీద.
వైర్లవాణ్ణి, జనరేటరు దగ్గరుండాలి, అన్నాను.
నాలోనూ ఒక గుమాస్తా ఉన్నాడని ఆ రాత్రే తెలిసింది.
వెళ్లాను.

నది పారింది.

ఎలా ఉందో చెప్పలేను,
లోపలున్నవాడికి నది మొత్తం కనపడదు.
గట్టు మీద మిగిలిన పోలీసు
టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడని
ఫ్రేసియా తర్వాత చెప్పింది.

పన్నెండో నిమిషంలో డీజిల్ అయిపోయింది.
నేను దగ్గరుండాల్సింది.
చీకటి. ఒక్కరూ చేతులు వదల్లేదు.
అప్పుడు వినపడింది, అందరికీ ఒకేసారి,
కొండ మీద గొట్టాల చప్పుడు.

సోమవారం ఆఫీసులో అడిగారు
ఇది కళా, ఊరేగింపా?
ఊరేగింపైతే అనుమతేదీ?
"ఎవరూ నడవలేదు, నిలబడ్డారంతే" అంది ఫ్రేసియా.
యంత్రం వేసిన లెక్క బల్ల మీద పెట్టింది.
నాలుగు వందల పన్నెండు.
పేర్లు లేవు, ముఖాలు లేవు, ఎర్రటి చుక్కలు.
అధికారి నీళ్లు నమిలాడు.
మా లోయలో నమలడానికి నీళ్లున్నది ఆయనకొక్కడికే.

ప్రొజెక్టర్లు వెళ్లిపోయాయి. ఏరు రాలేదు.
ట్యాంకరు ఇంకా మంగళవారమే.
నిన్న వరసలో హోర్తెన్సియా బకెట్ ఒలకబోతే
రోసమెల్ అందుకున్నాడు. మాట్లాడలేదు.
వెనక నిలబడ్డవాళ్లని చూస్తూ
నాకు తెలియకుండానే
లెక్కపెడుతున్నాను.